ఆటలమ్మ సెలవుల్లో దీక్షా యాప్: ఇంటిబడికి సరిపోతుందా?

ఆటలమ్మ పోస్తే పొక్కులన్నీ ఎండి పెచ్చు కట్టేదాకా పిల్లల్ని బడికి పంపకూడదు. ఆ నాలుగు గోడల మధ్య కేంద్ర ప్రభుత్వ బడిపాఠాల యాప్ దీక్షా పాఠం చెబుతుంది, పిల్లల్ని కూర్చోబెట్టదు. ఆ పని పెద్దవాళ్లదే.

లాగిన్ లేకుండానే పాఠాలు చూడొచ్చు. బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకుని పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే చాలు. చిక్కంతా ఇక్కడే. విశాఖ ఉప్పుగాలి తేమకు పేజీ వంకర తిరిగితే కోడ్ అందదు. ప్లాస్టిక్ అట్ట మీద ట్యూబ్‌లైట్ మెరిసినా అంతే. పుస్తకాన్ని బల్ల మీద చదునుగా పరిచి, వెలుగు పక్క నుంచి పడేలా చూసి, ఫోన్‌ను జానెడు ఎత్తులో కదలకుండా పట్టుకోండి. మర్నాటి వీడియోలు ముందురోజు రాత్రే డౌన్‌లోడ్ చేసుకుంటే కరెంటు పోయి వైఫై ఆగినా పాఠం ఆగదు.

జ్వరం ఉన్నన్నాళ్లూ చదువు వద్దు. తగ్గాక పూటకు 20 నిమిషాలు చాలు, వీడియో 5 నిమిషాలు దాటితే మధ్యలో ఆపి ఒక ప్రశ్న అడగాలి. వరసపెట్టి చూపిస్తే అది కార్టూన్ అయిపోతుంది! రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు ఉండటం ఇక్కడ పెద్ద వరం. తెలుగు పేజీ అమ్మమ్మైనా చదివి చెప్పగలదు.

యాప్‌లో లేనిది హుషారు. సముద్రం కనిపించే డాబా ఉంటే సాయంత్రం లంగరేసిన ఓడలు లెక్కపెట్టించి, వారం చివర కమ్మీ చిత్రం (బార్ గ్రాఫ్) గీయించండి. గణితంలో అదీ పాఠమే.