వీధి దీపాల ఔట్‌సోర్సింగ్ సర్వీసు: ఐదుకి ఒకటిన్నర

వీధి దీపాల మెయింటెనెన్సు, దాంతోపాటు ఫిర్యాదులు తీసుకునే కాల్ సెంటరు, రెండూ కలిపి ఒక ప్రైవేటు ఏజెన్సీకి ఇచ్చేసింది మా మున్సిపాలిటీ. ఏజెన్సీ పేరు రాయను. రేపు టెండరు మారి ఇంకొకరొచ్చినా కథ ఇదే.

ముందు మంచి చెప్పాలి. ఫోన్ వెంటనే ఎత్తుతారు. పాత ఆఫీసులో రింగయ్యీ రింగయ్యీ ఆగిపోయేది, ఎత్తినా సార్ సీట్లో లేరనేవాళ్లు. ఇక్కడ మర్యాదగా మాట్లాడి నంబరిస్తారు, మెసేజ్ వస్తుంది, యాప్ కూడా బాగానే పనిచేస్తుంది. లైటు ఒక్కటే వెలగలేదు.

మా సందు మలుపులో ఉన్న స్తంభం అది. కింద జంక్షన్ బాక్సుకి మూత లేదు, లోపల వైర్లకి చుట్టిన టేపు ఊడి వేలాడుతోంది, పిల్లలేమో అక్కడే సైకిళ్లు ఆనించి పోతుంటారు. రెండూ రాసి ఫిర్యాదు పెట్టాను. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు రేటింగ్ ఇవ్వండి" అని మెసేజొచ్చింది. యాప్ తెరిస్తే రుజువుగా ఒక ఫొటో, అదీ పట్టపగలు తీసింది. ఎండలో నిలబెట్టి తీసిన స్తంభానికి లైటు వెలుగుతోందో లేదో ఎవరు చెప్తారు? పైగా ఆ స్తంభం మాది కూడా కాదు. మళ్లీ ఫోన్ చేస్తే పాత ఫిర్యాదు తెరవడం కుదరదట, కొత్త నంబరు ఇచ్చారు. అంటే రికార్డుల్లో నా మొదటి ఫిర్యాదు గడువులోపే పూర్తయిపోయింది, ఇప్పుడు పెట్టింది వేరే ఫిర్యాదు. బిల్లులు పాసయ్యేది క్లోజయిన ఫిర్యాదుల లెక్క మీదే అయినప్పుడు, వాళ్లు ముందు చేసే పని క్లోజ్ చెయ్యడమే.

మూత సంగతి అడిగితే "బల్బు, ఫిటింగ్ వరకే మా స్కోపు సార్, బాక్సు మా కిందికి రాదు" అంది ఫోన్లో అమ్మాయి. ఆమె మీద అరిచి లాభం లేదు, ఎదురుగా స్క్రీన్ మీద ఉన్నది చదువుతోంది. ఆఫీసుకెళ్తే ఇంజినీరు గారు "మెయింటెనెన్సు వాళ్లకిచ్చేశాం కదండీ, వాళ్లనే అడగండి" అన్నారు. చివరికి కౌన్సిలర్‌ని పట్టుకుంటే ఆయన జేబులోంచి తీసి ఇచ్చింది కూడా అదే టోల్‌ఫ్రీ నంబరు. చిర్రెత్తుకొచ్చింది ఇక్కడే. పని ఎవరైనా చెయ్యనీ, నాకేం అభ్యంతరం లేదు. పాత లైన్‌మన్ కూడా మహా చురుకేం కాదు, కానీ ఆయన రాకపోతే అడగాల్సిన మనిషి మేం ఓటేసిన మనిషే. ఇప్పుడు ఆ మనిషి కూడా నాతోపాటు కాల్ సెంటరు లైన్లో ఉన్నాడు. స్కోపులో ఏముందో చూద్దామని ఒప్పందం కాపీ అడిగితే అది వ్యాపార రహస్యమన్నారు. మా పన్నుతో మా వీధికి వేసే లైట్లలో రహస్యమేంటో మరి.

ఇది ఒక్కచోటి గొడవ కాదు. చికాగో నగరం 2008లో పార్కింగ్ మీటర్లను ఒక ప్రైవేటు కంపెనీకి 75 ఏళ్లకు సుమారు 115 కోట్ల డాలర్లకు లీజుకిచ్చింది. కౌన్సిల్ సభ్యులకి ఆలోచించుకోవడానికి దొరికింది కొద్ది రోజులే. కనీసం 97 కోట్ల డాలర్లు తక్కువకి ఇచ్చేశారని 2009లో నగర ఇన్‌స్పెక్టర్ జనరల్ (పోలీసు కాదు, నగర పాలనలో అక్రమాలు, వృథా మీద విచారణ చేసే అధికారి) తేల్చారు. ఉత్సవానికో మరమ్మతుకో తన సొంత వీధిని మూసినా సరే, ఆ నగరం కంపెనీకి పరిహారం లెక్కగట్టాల్సిన పరిస్థితి. మేయర్లు మారారు, లీజు మాత్రం 2083 దాకా ఉంది. ఓటుతో దించగలిగేది మేయర్నే.

బ్రిటన్‌లో 2018 జనవరిలో కారిలియన్ అనే పెద్ద నిర్మాణ, సేవల కాంట్రాక్టు కంపెనీ కుప్పకూలినప్పుడు దాని చేతిలో దాదాపు 450 ప్రభుత్వ కాంట్రాక్టులున్నాయి. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో స్కూలు భోజనాలు ఆగిపోతే అందించడానికి ఫైర్ సిబ్బందిని సిద్ధంగా ఉంచాల్సొచ్చింది. అప్పజెప్పేసిన పని చివరికి మళ్లీ కౌన్సిల్ నెత్తినే పడిందన్నమాట. వెనక్కి తీసుకోవడం కుదరదా అంటే, ప్యారిస్ 2010లో నీటి సరఫరాని వెనక్కి తీసుకుంది, మరుసటి ఏడాది ఛార్జీ 8 శాతం తగ్గించింది కూడా.

ఇక రేటింగు. ఒకటి ఫోన్ ఎత్తినందుకు. మిగతా అర, ఒక సాయంత్రం నిచ్చెనేసుకుని వచ్చిన కుర్రాడికి. లైటు మార్చాడు, తన స్కోపు కాకపోయినా రేకు ముక్క ఒకటి బాక్సుకి అడ్డంపెట్టి వైరుతో బిగించాడు, "నేను పెట్టానని ఎవరికీ చెప్పకండి సార్" అన్నాడు. జీతం నెలనెలా ఆలస్యమేనట. గట్టిగా అడిగితే మర్నాటి నుంచి రావద్దంటారట. మాకు జవాబు చెప్పేవాళ్లు లేనట్టే, అతనికీ లేరు.

ఈ సర్వీసు వాడక తప్పనివాళ్లకి రెండు ముక్కలు. ఫొటో రాత్రిపూట, స్తంభం నంబరు కనపడేలా తీసి పెట్టుకోండి. ఫిర్యాదు యాప్‌లో పెట్టినా, కమిషనర్ పేరు మీద కాగితం కూడా ఇచ్చి ముద్ర వేయించుకోండి, దాంట్లో జరిమానా క్లాజు కింద ఏజెన్సీ బిల్లులో ఎంత కోశారో తప్పకుండా అడగండి. నేను అడిగాను. నా ఉత్తరాన్ని తగు చర్య నిమిత్తం ఏజెన్సీకి పంపించామని జవాబొచ్చింది.