విజయవాడ పునరావాస గృహంలో 14 నెలలు

2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్‌నగర్‌లోని మా అద్దె గదిని ముంచెత్తే నాటికే నేను మద్యానికి బానిసనై ఉన్నాను. నీళ్ళు తీశాక యజమాని గది తిరిగి ఇవ్వలేదు. పదకొండేళ్ళ కొడుకుతో, ఏడేళ్ళ కూతురితో పండిట్ నెహ్రూ బస్టాండులో రాత్రులు గడిపాను. ఎవరో 181 మహిళా సహాయవాణికి ఫోను చేయగా, డిసెంబరులో నగరంలోని ఒక పునరావాస గృహం మమ్మల్ని చేర్చుకుంది.

ముందుగా నన్ను ఆసుపత్రికి పంపారు. ఏళ్ళ తరబడి తాగినవారు ఒక్కసారిగా మానేస్తే మొదటి రెండు మూడు రోజుల్లో చేతులు వణకడమే కాక మూర్ఛలు కూడా రావచ్చునని, అది ప్రాణాల మీదికి తేవచ్చునని డాక్టరుగారు చెప్పేవరకు నాకు తెలియదు. ఆ తొమ్మిది రోజులూ నా పిల్లలను గృహంలోనే ఉంచారు. తాగుడుకు లోనైన తల్లులు సహాయం అడగడానికి జంకేది పిల్లలను తమ నుంచి తీసుకుపోతారన్న భయంతోనే కనుక, అన్నిటికంటే ఈ ఏర్పాటుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

భోజనం వేళకు పెట్టేవారు. స్నానాల గదులు మాత్రం చాలవు. పిల్లల కాగితాలన్నీ వరదలో పోయినా, వయసు ధ్రువపత్రం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండరాదన్న 2009 విద్యాహక్కు చట్టాన్ని గుర్తుచేసి, వార్డెనుగారే వెంట వచ్చి చేర్పించారు.

2025 దసరా రద్దీలో పాత పరిచయస్తురాలు కనబడింది. ఆ రాత్రి మళ్ళీ తాగాను. వెళ్ళగొడతారనుకుని తెల్లవారి బట్టలు మూటగట్టుకుని కూర్చుంటే, "ముందు టిఫిను తినమ్మా, తరువాత డాక్టరు దగ్గరికి వెళ్దాం" అన్నారు వార్డెనుగారు. ఆ మాట లేకపోతే నేను తిరిగి బస్టాండుకే చేరేదాన్నని నా నమ్మకం.

నన్ను బాధించింది ఒకే నియమం. పన్నెండేళ్ళు నిండిన మగపిల్లలు అక్కడ ఉండరాదు. డిసెంబరులో మా వాడికి పన్నెండు నిండగానే ప్రభుత్వ హాస్టలుకు పంపవలసివచ్చింది. చెల్లెలు ఎన్నో రాత్రులు అన్న పడుకునే చోటే చాప వేసుకుని పడుకుంది. కుట్టుపనిలో కూడబెట్టినది గది అడ్వాన్సుకు సరిపడగానే, ఇంకా కొన్నాళ్ళు ఉండమని వారు చెబుతున్నా, ఫిబ్రవరిలో బయటికి వచ్చేశాను. మగపిల్లవాడు ఉన్న తల్లులు చేరే రోజే ఈ వయసు సంగతి అడిగి తెలుసుకోవాలి. మా వాడు ఇప్పుడు మా దగ్గరే ఉంటున్నాడు.