కొత్త ఆల్బమ్‌కి ఎవరి మాట మేలు: రివ్యూదా, శ్రోతలదా?

హైదరాబాద్‌లో పొద్దున కొత్త పాట రిలీజైతే మధ్యాహ్నానికల్లా టాక్ వచ్చేస్తుంది. సినిమా పాటకి అది చాలు, నచ్చకపోతే పోయేది నాలుగు నిమిషాలే. చిక్కల్లా గంటకు పైగా సాగే ఆల్బమ్‌తోనే. రివ్యూలో మార్కులు చూసి వినాలా, యూట్యూబ్‌లో కామెంట్లు చూసి వినాలా? ఈ రెండిటినీ తూచడానికి ఎలక్ట్రానిక్ సంగీతం చేసే ఫ్రెంచ్ జంట డాఫ్ట్ పంక్‌ని మించిన కేసు నాకు తట్టలేదు. 1993లో మొదలై 2021లో విడిపోయేలోపు వాళ్లు చేసిన స్టూడియో ఆల్బమ్‌లు నాలుగే. వాటి మీద జనం మాట మార్చినన్ని సార్లు ఇంకెవరి మీదా మార్చి ఉండరు.

ముందు మార్కుల సంగతి. 2001లో వాళ్ల ‘డిస్కవరీ’ వచ్చినప్పుడు అమెరికా మ్యూజిక్ రివ్యూల సైటు పిచ్‌ఫోర్క్ పదికి 6.4 ఇచ్చింది. 2021లో పాత రివ్యూలు తిరగదోడి అదే ఆల్బమ్‌కి పదికి పది వేసింది. పాటల్లో మారిందేమీ లేదు. ఈలోపు 2007లో అమెరికన్ ర్యాపర్ కాన్యే వెస్ట్ అందులోంచి ఒక ముక్క తీసుకుని అమెరికాలో నంబర్ వన్ కొట్టాడు, పార్టీల్లో జనం ఏళ్ల తరబడి ఆడారు. అందరూ ఒప్పుకున్నాక మార్కులు పెరిగాయన్నమాట. మా ఆఫీసులో ఒక కుర్రాడు ‘ఏడు దాటితేనే వింటా అన్నా’ అంటాడు. 2001లో అయితే వాడికి ‘డిస్కవరీ’ దక్కేదే కాదు.

అలాగని రివ్యూలు దండగ అనను. 2013 నాటి ‘ర్యాండమ్ యాక్సెస్ మెమొరీస్’లో పాతతరం డిస్కో సంగీతకారుడు జోర్జో మొరోడర్ మీద తొమ్మిది నిమిషాల పాట ఉంది. మొదటి రెండు నిమిషాలు సంగీతం వెనకే ఉండిపోతుంది, పెద్దాయన తన కుర్రతనం గురించి చెప్పుకుపోతాడు. తన పేరు చెప్పి ఆగుతాడు, అప్పుడు అందుకుంటుంది సింథసైజర్. ఆ మాటల్ని వేర్వేరు కాలాల మైకులతో రికార్డ్ చేశారని ఎవరో రాస్తేనే మనకి తెలుస్తుంది, తెలిశాక చెవి ఇంకోలా వింటుంది. కంప్యూటర్ బీట్లకి పేరుపడ్డ జంట ఈసారి అసలు డ్రమ్మర్లని, డిస్కో కాలపు గిటారిస్ట్ నైల్ రోజర్స్ గిటార్‌ని ఎందుకు తెచ్చుకుందో కూడా రివ్యూలే విప్పి చెప్పాయి. క్లబ్బులో గెంతడానికి వచ్చిన పాత అభిమానులు మాత్రం కొందరు ‘ఇదేం డిస్కో’ అని పెదవి విరిచారు. 2014లో గ్రామీ వాళ్లు దాన్నే ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ అన్నారు.

2005 నాటి ‘హ్యూమన్ ఆఫ్టర్ ఆల్’ కథ వేరు. దాదాపు ఆరు వారాల్లో చుట్టేసిన ఆల్బమ్ అది. తిప్పి తిప్పి అదే ముక్క అని రివ్యూలు వాయించాయి, చాలామంది అభిమానులూ నీరుగారిపోయారు. మరుసటి ఏడు అమెరికాలో కోచెల్లా మ్యూజిక్ ఫెస్టివల్‌లో పిరమిడ్ ఆకారపు స్టేజి ఎక్కి అవే పాటల్ని పాతవాటితో కలిపి కొట్టేసరికి జనానికి పూనకం వచ్చినంత పనైంది. ఆ టూర్ నుంచి వచ్చిన లైవ్ ఆల్బమ్‌కి 2009లో గ్రామీ దక్కింది. ఇక్కడ ముందు మనసు మార్చుకున్నది గుంపులో నిలబడి విన్నవాళ్లే.

ఎక్కడ విన్నారన్నది ఎవరూ పట్టించుకోరు గానీ, సగం తీర్పు దాంట్లోనే ఉంది. ‘హ్యూమన్ ఆఫ్టర్ ఆల్’ నిడివి 45 నిమిషాలు. మియాపూర్‌లో మెట్రో ఎక్కితే ఎల్బీ నగర్ వచ్చేలోపు అయిపోతుంది, అమీర్‌పేట తోపులాటలో కూడా ఆ మొండి బీట్ చెవి వదలదు. ‘ర్యాండమ్ యాక్సెస్ మెమొరీస్’ 74 నిమిషాలు. మంచి స్పీకర్ల ముందు కూర్చున్నవాడికి అందులో వినబడే సన్నటి పనితనం బోగీ రొదలో కొట్టుకుపోతుంది. మెట్రోలో విని ‘బోర్’ అని రాసినవాడిదీ అబద్ధం కాదు, కాకపోతే వాడు విన్నది సగమే.

నా వరకు మొదటి వారంలో రివ్యూలే మేలు, అదీ మార్కు మీద వేలు అడ్డం పెట్టి వాక్యాలు మాత్రమే చదివితే. మొదటి రోజు కామెంట్లు అభిమానుల జాతర, దేనికీ పనికిరావు. ఆరు నెలలు దాటాక నేను రివ్యూ తెరవను. ‘స్లో పాయిజన్‌లా ఎక్కింది’, ‘మళ్లీ దీని దగ్గరికే వచ్చా’ లాంటి కామెంట్లు వెతుకుతాను. వినడం మొదలుపెట్టడానికి రోడ్డు మీద ఉండేవాళ్లకి ‘డిస్కవరీ’, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఖాళీ ఉన్నవాళ్లకి 2013ది. ఆ తొమ్మిది నిమిషాల పాటని మాత్రం స్కిప్ కొట్టకండి.