వంద అడుగుల రీలుకు ఏ లోడర్ మేలు?

నెగటివ్‌ను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే, మొదటి ఫ్రేము నుంచి చివరిదాకా ఒకే సన్నని గీత. మేనల్లుడి ముఖం మీదుగా, చెరువు గట్టు మీదుగా ఎక్కడా తెగకుండా సాగింది. చూడగా, నేను కొన్న పాత లోడర్‌లో, అంటే పెద్ద రీలులోని ఫిల్మును కెమెరాలో పెట్టే చిన్న క్యాసెట్లలోకి చుట్టే డబ్బాలో, ఫిల్ము బయటికి వచ్చే చోట ముఖమల్ అంచుల మధ్య ఒక ఇసుక రేణువు ఇరుక్కుని ఉంది.

వంద అడుగుల ఫిల్ము రీలు, అంటే 30.5 మీటర్లు, కొని సొంతంగా చుట్టుకుంటే 36 ఫ్రేముల క్యాసెట్లు పద్దెనిమిది దాకా వస్తాయి. లోడర్ కొనేటప్పుడు చాలామంది ఫ్రేములు లెక్కపెట్టే కౌంటర్‌ను చూస్తారు. నేనిప్పుడు ముందుగా చూసేది, అది వెలుతురును ఎలా ఆపుతుందన్నది.

లాయిడ్స్ తరహా లోడర్‌లో ఫిల్ము ముఖమల్‌కు రాసుకుంటూ బయటికి వస్తుంది. పని సులువు, మూత పెట్టి పిడి తిప్పడమే. అయితే ఆ గుడ్డలో చేరిన దుమ్ము కంటికి కనబడదు. వాట్సన్, ఆల్డెన్ 74 లాంటి లోడర్లలో ముఖమల్‌కు బదులు వెలుతురును ఆపే గేటు ఉంటుంది. అది తెరిచి చుడితే ఫిల్ముకు ఒరిపిడి ఉండదు. మూసి ఉండగా తిప్పితే గీతలు పడతాయి. తెరిచి ఉండగా లోడర్‌లో క్యాసెట్ పెట్టే గది మూత తీస్తే లోపలి రీలుకు వెలుతురు తగులుతుంది. నా మతిమరుపు నాకు తెలుసు కనుక మూత మీద "గేటు" అని చీటీ అంటించుకున్నాను. ఆ తర్వాత ఒక్కసారే మరిచాను. అయినా నా ఓటు గేటుకే.

పాత బేకలైట్ లోడరైతే అంచుల్లో పగుళ్లు వెతకండి. ఏదైనా సరే, ఎండాకాలపు పొడిగాలిలో గబగబా తిప్పవద్దు. స్థిర విద్యుత్తు పుట్టి నెగటివ్ మీద మెరుపు తీగల్లాంటి గుర్తులు పడతాయి. క్యాసెట్ ఇరుసుకు టేపుతో అంటించేటప్పుడు వెలుతురు చూసిన ఫిల్ము కొస చివరి ఫ్రేములకే వస్తుంది కాబట్టి, 35, 36 నంబర్ల మీద ఆశ పెట్టుకోవద్దు.

లోడరే లేకుండా కూడా చుట్టవచ్చు. గోడకు 1.65 మీటర్ల ఎడంతో రెండు మేకులు కొట్టి, కటిక చీకటిలో ఆ కొలతకు ఫిల్ము కత్తిరించి చుట్టుకోవడమే. ఖర్చు లేదు, గీతల భయం తక్కువ, చివరి ఫ్రేములూ దక్కుతాయి. కానీ రీలు డబ్బాలోంచి బయట ఉన్నప్పుడు ఎవరైనా తలుపు తీస్తే పద్దెనిమిది క్యాసెట్ల సరుకూ గోవిందా. మా ఇంట్లో తలుపు తట్టి వచ్చే అలవాటు ఎవరికీ లేదు.