సార్లాలో రెండు రాత్రులు చాలు, మిగతావి పల్లెలో ఉండండి

పారిస్ ఇదివరకే చూశాం కాబట్టి ఈసారి నైరుతి ఫ్రాన్స్‌లోని పెరిగోర్ వెళ్లాం. బోర్డో నుంచి అక్కడి సార్లా ఊరికి రైలుంది. కాకపోతే స్టేషన్ ఊరి బయట, అక్కణ్నుంచి సూట్‌కేసులు లాక్కుంటూ నడక.

సార్లా పాత ఊరంతా తేనెరంగు రాయి. పాత ఊళ్లని కాపాడ్డానికి 1962లో మంత్రి ఆంద్రే మాల్రో తెచ్చిన చట్టం కింద మొదట్లోనే బాగుచేసిన ఊళ్లలో ఇదొకటి. పాత చర్చి ఒకదాన్ని జాన్ నువెల్ అనే ఆర్కిటెక్టు సంతగా మార్చాడు, దాని ఉక్కు తలుపుల ముందు మనిషి పిల్లిపిల్లలా కనిపిస్తాడు. బుధ, శనివారాల్లో వీధి సంత. అది చూడాల్సిందే, కానీ రాత్రి మాత్రం నరకం: మా గది మూడో అంతస్తు, మెలికల మెట్లు, లిఫ్ట్ లేదని బుకింగ్‌లో ఎక్కడా రాయలేదు, కింద హోటల్ బల్లల దగ్గర ఒంటిగంట దాకా గోల.

మూడో రోజు కారు తీసుకుని పల్లెలో ఒక గీత్‌కి మారాం (రైతులు అద్దెకిచ్చే వాటా అన్నమాట). పెరట్లో వాల్‌నట్ చెట్లు, వంటగది మనదే, అద్దె ఊళ్లో గదికంటే తక్కువ. కారు లేకపోతే మాత్రం ఇక్కడ కాలు కదలదు.

ఆదిమానవుల బొమ్మలున్న లాస్కో గుహ 1963 నుంచి మూసేశారు, చూపించేది నకలే. బాగుంది, కానీ నాకు నచ్చింది బ్రెయ్ దగ్గర రాతి గుడిసెలు. కప్పు మీద సున్నం, సిమెంటు ఏమీ లేకుండా పలక మీద పలక పేర్చుకుంటూ పోయారు, ప్రతి పలకా కాస్త బయటికి వాలి ఉంటుంది, వాన అలా జారిపోతుంది. లోపలికెళ్లి తలెత్తితే రాళ్లు వలయాలుగా చిన్నవవుతూ పైకి కలుస్తాయి. మా అబ్బాయి అయితే పడతాయేమోనని బయటే నిలబడ్డాడు.

శాకాహారులు జాగ్రత్త! బంగాళదుంపలే కదా అని మా ఆవిడ తెప్పించుకుంది, తీరా అవి బాతు కొవ్వులో వేయించినవి. వాల్‌నట్ నూనె వేసిన సలాడ్‌తో సరిపెట్టుకుంది. పక్క బల్ల దగ్గర పెద్దాయన సూప్ అడుగున ఇంత ఉండగానే అందులో ఎర్ర వైన్ పోసి, గిన్నె రెండు చేతులా ఎత్తి గటగటా తాగేశాడు. దీన్ని షాబ్రోల్ అంటారట. నేనూ పోసుకున్నా, రుచి సంగతి అడక్కండి.