ఊరి పెద్దలకు గౌరవ వేతనం: పోస్టు పేమెంట్స్ బ్యాంకు ఎంతవరకు పనికొస్తుంది?

చెరువు తూము తీసి వంతుల ప్రకారం నీళ్లు పంచే పెద్దమనిషికి, గట్టు తగాదా వస్తే ఇద్దరినీ కూర్చోబెట్టి సర్దిచెప్పే ముసలాయనకు ఏడాదికోసారి శాలువా కప్పి, మెమెంటో చేతిలో పెట్టి ఫోటో దిగితే సరిపోదు. వెనకటికి చెరువు నీళ్లు పారించే నీరటికి ఆయకట్టు రైతులు కళ్లంలోనే గింజలు కొలిచి పోసేవారు. అది దానం కాదు, ఆయన పనికి కూలి. తెలంగాణలో 2023లో గ్రామ రెవెన్యూ సహాయకులను (వీఆర్‌ఏలు; నీరటులు వీళ్లలోనే ఉండేవారు) వేరే శాఖల్లో సర్దుబాటు చేశాక చాలాచోట్ల తూము పని ఊరి పెద్దల మీదే పడింది. ఆ పనికి వాళ్లకు ఊరి చెరువు కమిటీ ఇచ్చే డబ్బు తప్ప వేరే ఆధారం లేదు. ఆ డబ్బు నెలనెలా చేతికి అందించడానికి ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకును వాడుకోవచ్చా అన్నదే ఇక్కడి ప్రశ్న. వాడుకోవచ్చు, కొన్ని జాగ్రత్తలతో.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: దీనికోసం కొత్త ఖాతా అక్కర్లేదు. పెద్దాయనకు ఏ బ్యాంకులో ఖాతా ఉన్నా ఆధార్‌తో లింకై ఉంటే, పోస్ట్‌మాన్ దగ్గరున్న మిషన్ మీద వేలు పెట్టి ఒక్కసారికి 10,000 రూపాయల దాకా తీసుకోవచ్చు. బ్యాంకు పేరు మాత్రం సరిగ్గా చెప్పాలి. రెండు మూడు ఖాతాలున్నవాళ్లు ఒక బ్యాంకు బదులు ఇంకోటి చెప్పి, పైసలు పడలేదనుకుని ఇంటికి పోతుంటారు.

పాత ఖాతాతో వచ్చే చిక్కు కమిటీ వైపు నుంచి. ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు (ఏపీజీవీబీ) తెలంగాణ శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. పాత పాస్‌బుక్ మీద బ్యాంకు శాఖను గుర్తించే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ చూసి డబ్బు వేస్తే తిరిగి రావచ్చు. కొత్త కోడ్ అడిగి తెలుసుకుని, మొదట ఒక రూపాయి పంపి చూడాలి. రెండేళ్లుగా లావాదేవీ లేని ఖాతా అయితే ముందు గుర్తింపు పత్రాలు (కేవైసీ) ఇచ్చి మేలుకొలపాలి. ఇంత తంటా ఎందుకనుకుంటే పోస్టు బ్యాంకులోనే సున్నా నిల్వ ఖాతా తెరిపించండి. దేశమంతటికీ దానిది ఒకే ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్.

అసలు పరీక్ష వేలిముద్ర దగ్గర. జీవితమంతా నాగలి, పార పట్టిన చేతులకు గీతలు అరిగిపోతాయి; పైగా వయసుతో చర్మం ఎండిపోతుంది. అలాంటి వేలు గాజు మీద గట్టిగా అదిమితే ఉన్న గీతలు కూడా చదునవుతాయి, మిషన్ అసలే పట్టదు. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి, తుడిచి, ఒక్క చుక్క కొబ్బరినూనె రుద్ది, మళ్లీ గుడ్డతో తుడిచి మెల్లగా ఆనించాలి. గాజును కూడా తుడవాలి. బొటనవేలు పట్టకపోతే ఉంగరపు వేలు చూడండి. ఎన్ని వేళ్లు పెట్టినా పడకపోతే ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కంటిపాప మళ్లీ నమోదు చేయించాలి. 2025లో ఈ బ్యాంకు ముఖం చూసి గుర్తించే పద్ధతి కూడా తెచ్చింది. పెద్దవాళ్లకు ఇది నిజంగా మేలు. మీ పోస్టాఫీసులో ఉందో లేదో ముందే అడగండి.

రెండో లోటు నగదు. బ్రాంచి పోస్టాఫీసు పెట్టెలో ఉండే డబ్బు తక్కువ. ఎనిమిది మంది పెద్దలు ఒకేరోజు వెళ్తే సగం మంది ఉత్త చేతులతో రావాల్సిందే. కమిటీ ముందురోజే బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌కు చెప్పి, రోజుకు ఇద్దరు ముగ్గురి చొప్పున పంపితే ఈ ఇబ్బంది ఉండదు. ఖాతాలో డబ్బు తగ్గి చేతికి రాకపోతే మళ్లీ వెంటనే వేలు పెట్టకండి. రశీదు దాచి ఫిర్యాదు చేయండి. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఐదు రోజుల్లో డబ్బు తిరిగి జమ కావాలి. అది దాటితే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి.

డబ్బు పంపడం ఎంత అవసరమో, ఎందుకు పంపుతున్నామో రాసిపెట్టడమూ అంతే అవసరం. కమిటీ తీర్మానంలో పెద్దాయన పేరు, చేసే పని, ఏ తూము, ఎన్ని ఎకరాలు, ఎప్పటి నుంచి, నెలకు ఎంత, ఆయన రాలేని రోజు ఎవరు చూడాలి అన్నవి ఉండాలి. దాన్ని గ్రామసభలో చదివి, సంతకాలు పెట్టిన నకలు ఆయనకే ఇవ్వాలి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం తెలంగాణలో రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి కాబట్టి అవకాశం ఎప్పుడూ దగ్గరలోనే ఉంటుంది. నీళ్ల వంతులో మాట పెరిగినప్పుడు ఆయన చేతిలోని ఆ కాగితానికున్న బలం మెమెంటోకు ఉండదు. కమిటీ ఖాతా ఇద్దరి సంతకాలతో నడవాలి, ప్రతి చెల్లింపుకూ వోచర్ ఉండాలి.

ఖాతాకు ఎవరి ఫోన్ నంబరు ఇస్తున్నారో చూడండి. మనవడి నంబరు ఇస్తే డబ్బు పడిన మెసేజీ పట్నంలో మోగుతుంది, పెద్దాయనకు తెలియదు. ఫోన్ లేనివాళ్లకు జమ చేసిన రోజే కమిటీ మనిషి ఇంటికెళ్లి చెప్పాలి. డబ్బు తీసేటప్పుడు పక్కన ఎవరున్నా, రశీదులోని అంకెను పైకి చదివి, నోట్లు ఆయన చేతిలోనే లెక్కపెట్టించాలి.