పైన పటారం, లోన లొటారం: స్టీల్ జాలీ పెట్రోల్ లైన్ కిట్లతో జాగ్రత్త

రెండు, మూడు కార్బురేటర్లున్న (గాలిలో పెట్రోల్ కలిపి ఇంజిన్‌కి పంపే భాగాలు) పాత ఇంజిన్లకి "పూర్తి కిట్" అంటూ ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పెట్రోల్ లైన్ సెట్లు కొనబోయేవాళ్ళు ఒక్క నిమిషం ఆగండి. మెరిసే స్టీల్ జాలీ పైపులు, ఎరుపు-నీలం ఫిట్టింగులు, టీలు (పైపుని రెండుగా చీల్చే T ఆకారపు ముక్కలు), క్లాంపులు, డబ్బాలో ఏ లోటూ ఉండదు. నేను తెప్పించింది మూడు కార్బురేటర్ల సెట్. కొత్త లైను వేసినప్పుడల్లా ఇంజిన్ స్టార్ట్ చెయ్యకుండా ముందు ఎలక్ట్రిక్ పంపు మాత్రమే ఆన్ చేసి చూడటం నా అలవాటు. ఈసారి ఆ అలవాటే కాపాడింది. కాసేపటికి మధ్య కార్బురేటర్‌కి వెళ్ళే పైపు మీద జాలీ తడిసి నల్లబడింది. ఫిట్టింగ్ దగ్గరైతే సరిగ్గా బిగించలేదేమో అనుకోవచ్చు, ఇది పైపు నడిమధ్యన! నా ఇంజిన్‌లో కార్బురేటర్లూ ఎగ్జాస్టూ ఒకే పక్క. చుక్క జారితే పడేది కాలిపోయే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ పొగ బయటికెళ్ళే గొట్టాలు) మీదే.

విప్పి, టేపు చుట్టి, రంపంతో కోసి చూశాను. జాలీ కింద ఉన్నది పల్చటి రబ్బరు గొట్టం, అంతే. లోపల బలానికి ఉండాల్సిన నూలు పొర లేదు. కాస్త వంచితే నెర్రెలు విచ్చాయి. ఎక్కడా ఒక్క అక్షరం అచ్చు లేదు. సరైన పెట్రోల్ పైపు మీద ఎస్ఏఈ జే30 (పెట్రోల్ పైపుల ప్రమాణం) ఆర్7 అనో, ఆర్9 అనో రాసి ఉంటుంది. ఎథనాల్ కలిసిన పెట్రోల్ వాడేవాళ్ళు ఆర్9 చూసుకోవడం మంచిది, దాని లోపలి పొర ఎథనాల్‌కి తట్టుకుంటుంది. మామూలు రబ్బరు మెత్తబడి ఉబ్బుతుంది, తర్వాత పగులుతుంది. మామూలు నల్ల పైపైతే పగులు కంటికి కనిపిస్తుంది. జాలీ ఉంటే పెట్రోల్ బయటికొచ్చేదాకా తెలియదు.

అమ్మినాయన వాదన ఏమిటంటే, "కార్బురేటర్‌కి ప్రెషర్ ఎంత, ఏ పైపైనా ఆగుతుంది" అని. ప్రెషర్ తక్కువన్న మాట నిజమే. వెబర్ కంపెనీ సైడ్ డ్రాఫ్ట్ (గాలి పక్కనుంచి పీల్చే) కార్బురేటర్లకి 3, 3.5 పీఎస్ఐ ప్రెషర్ చాలు. కానీ నాకు వచ్చిన పేచీ ప్రెషర్‌తో కాదు, రబ్బరుతో.

ఫిట్టింగుల సంగతి ఇంకా ఘోరం. ఈ ఫిట్టింగుల్లో ఫ్లేర్ అంటే శంకువులా విచ్చుకున్న అంచు, రెండు శంకువులు ఒకదానికొకటి ఆనుకునే పెట్రోల్ ఆగుతుంది. ఏఎన్ రకం ఫిట్టింగ్ శంకువు 37 డిగ్రీలు, ఎస్ఏఈ రకం ఫ్లేర్ 45 డిగ్రీలు. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప తేడా తెలియదు. ఈ కిట్‌లో రెండూ కలిపేశారు. అవి సన్నటి గీత మేరకే ఆనుకుంటాయి, ఎంత బిగించినా ఊరుతూనే ఉంటాయి, ఇంకా బిగిస్తే ఫ్లేర్ చిట్లుతుంది. దీనికి వాళ్ళిచ్చిన సలహా టెఫ్లాన్ టేపు చుట్టమని! ఫ్లేర్ ఫిట్టింగ్‌లో ఆపేది మర కాదు, శంకువు. టేపు ముక్క ఊడి కార్బురేటర్‌లోకి పెట్రోల్ రాకని ఆపే నీడిల్ వాల్వ్‌లో ఇరుక్కుంటే వాల్వ్ మూసుకోదు, పెట్రోల్ నిలిచే ఫ్లోట్ గిన్నె పొంగిపోతుంది.

టీల లోపలి రంధ్రం కూడా పైపు కన్నా బాగా సన్నం. వరసగా కలిపిన లైనులో చివరి కార్బురేటర్‌కి యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు పెట్రోల్ అందదు, ఆ సిలిండర్లు లీన్‌గా (గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువై) నడిచి వేడెక్కుతాయి.

డబ్బు వాపసు అడిగితే "కోసిన సరుకు తీసుకోం" అన్నారు. కోయకముందు తీసిన ఫొటోలు పంపితే జవాబే లేదు. ఆ కిట్ కింద ఉన్న మెచ్చుకోళ్ళన్నీ మళ్ళీ చదివాను. అన్నీ డబ్బా విప్పిన రోజున రాసినవే, మెరుపు గురించే. పెట్రోల్ పోసి నాలుగు నెలలు నడిపాక రాసినవాడు ఒక్కడూ లేడు.

ఎవరి దగ్గర కొన్నా పైపు మీది అచ్చు కనిపించేలా ఫొటో అడగండి, ఫ్లేర్ ఎన్ని డిగ్రీలో రాతపూర్వకంగా చెప్పమనండి. నీళ్ళు నములుతుంటే వదిలేయండి. పైపు, ఫిట్టింగులు విడివిడిగా కొనుక్కోవడం శ్రమే, కానీ ఏది ఏమిటో తెలుస్తుంది.

ఇలాంటి కిట్ ఇప్పటికే బిగించి, పైపు మీద అచ్చు కనిపించకపోతే బండి నడపకండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పైపు పొడుగునా టిష్యూ కాగితం చుట్టి, పంపు మాత్రమే ఆన్ చేసి చూడండి. పెట్రోల్ మంటకి పనికొచ్చే పౌడర్ సిలిండర్ చేతికందేలా పెట్టుకోండి. కాగితం పొడిగా ఉన్నా సరే, అచ్చు లేని పైపుని ఆర్9తో మార్చేశాకే స్టార్ట్ చెయ్యండి.